పరస్థానం సంచి

మామ్మ పోయింది. పాలెంలో అందరికీ తెలుసు. చేపలు కొనే మా ఊళ్ళో అందరికీ తెలుసు. ఆఖరికి ఆవిడ వారం వారం దెబ్బలాడే ఐసు బండివాడికి కూడా తెలిసి, పాపం, బండి ఆపుకుని కూచుని ఏడ్చాట్ట. తెలియనిది ఒక్క పొడుగమ్మాయికే. ఆ అమ్మాయికి చెప్పాల్సింది నేను. ఆ అమ్మాయి భాష పాలెంలో ఎవరికీ రాదు, మన భాష ఆ అమ్మాయికి పట్టుమని పది మాటలు రావు. ఇన్నాళ్ళూ మధ్యలో నిలబడి ఇటు మాట అటూ, అటు మాట ఇటూ మోసింది నేనే. ఫోను తీస్తున్నాను, పెట్టేస్తున్నాను. మా ఆయన చూసి చూసి, "ఆ ఫోనేం పాపం చేసిందే, దాన్నలా నలిపేస్తున్నావు?" అన్నారు. ఒళ్ళు మండిపోయింది నాకు. ఆయనకేం, ఆయన చెప్పక్కర్లేదుగా.

మాది కోనసీమలో కాలవగట్టు మీద ఊరు. ఇంటి దగ్గర పిల్లలకి ఇంగ్లీషు ప్రైవేట్లు చెప్పుకుంటాను. మామ్మ వాళ్ళ పాలెం ఇంకా కిందికి, గోదారి సముద్రంలో కలిసేచోట ఇసక మీద ఉంటుంది. అక్కడి తుపాను షెల్టరు మేడలో ఒక సంస్థవాళ్ళు చిన్న వైద్యశాల లాంటిది నడిపేవారు. పక్షవాతం వచ్చినవాళ్ళకీ, వలలు లాగి లాగి నడుం పట్టేసినవాళ్ళకీ కసరత్తులు చేయించేవారు. దానికి పైదేశాల నుంచి వలంటీర్లు వచ్చేవారు. పింఛన్లు పంచే వలంటీర్లు కాదండోయ్, వీళ్ళు వేరు. సొంత ఖర్చుతో సముద్రాలు దాటొచ్చి మన ముసలాళ్ళ మోకాళ్ళు పట్టేవాళ్ళు. వాళ్ళకి మాటసాయం నేను. వాళ్ళ మకాం మామ్మ ఇంట్లో, వసారా పక్క గదిలో.

మామ్మంటే నా సొంత మామ్మ కాదు. పాలెమంతా ఆవిణ్ణి మామ్మే అనేది. నేనూ అదే అన్నాను. ఆవిడ నన్ను పంతులమ్మా అనేది.

నేను పనిలో చేరీ చేరగానే ఆవిడ నా ఉద్యోగానికే ఎసరు పెట్టింది. వలంటీర్లతో తిన్నగా తెలుగులో మాట్లాడేసేది. నెమ్మదిగా చెప్పడం, సైగలు చెయ్యడం, అవేవీ లేవు. కొడుకుతో మాట్లాడినట్టే. "ఒరే అబ్బాయ్, ఆ గొడుగు లోనెట్టు, గాలికి ఎగిరిపోద్ది" అనేది. నేను నోరు తెరిచేలోపల వాడు లేచి గొడుగు లోపల పెట్టేసేవాడు. "నువ్వాగు పంతులమ్మా, ఆడికి తెలుత్తానే ఉంది కదా!" అని నన్ను గదిమేది.

"అయితే నేనెందుకు మామ్మా ఇక్కడ?"

"ఆఫీసోళ్ళు వచ్చినప్పుడు చెబుదువుగాని. ఆళ్ళ తెలుగే మాకు తెలవదు."

పేర్లతో ఆవిడకి పనిలేదు. రెండు పూటలు అన్నం పెట్టేసరికి సొంతంగా ఒక పేరు పెట్టేసేది. ఎండకి ముక్కు కందిపోయినవాడు ఎర్రముక్కోడు. తిన్న కంచమే కాకుండా ఇంట్లో గిన్నెలన్నీ తోమేసే పిల్ల గిన్నెలపిల్ల. వాళ్ళ అసలు పేర్లు నేను ఎన్నిసార్లు చెప్పినా, "ఆ పేరెట్టి పిలిస్తే అన్నానికి వత్తాడా?" అనేది. నిజమే, ఎర్రముక్కోడా అంటే పరిగెత్తుకొచ్చేవాడు.

కొత్తగా ఎవరొచ్చినా ఆవిడ మొహం చూసేది కాదు, కాళ్ళు చూసేది. వసారాలో చెంబుతో నీళ్ళిచ్చి, కడుక్కుంటుంటే వంగి మడమల వంక చూసేది. "మెత్తగా ఉన్నాయి. ఉంటాడు కొన్నాళ్ళు" అనేది. ఆవిడ లెక్కేంటంటే, ఇసకలోనూ ఉప్పునీళ్ళలోనూ తిరిగి తిరిగి వాళ్ళ మడమలు పగిలేసరికి వెళ్ళే రోజు వచ్చేస్తుంది. ఇన్నేళ్ళలో అది తప్పలేదంది. "ఈ ఇసక మీద నడవడం అబ్బేసరికి ఎల్లిపోతారే పంతులమ్మా. అదేం చోద్దెమో మరి" అనేది.

వెళ్ళేటప్పుడు అందరూ ఒకటే చెప్పేవారు. షెల్టరు మేడ మీద శాలువా కప్పి, దండ వేసి, ఫొటోలు దిగాక మైకులో, "మీకేదో ఇద్దామని వచ్చాను, మీరే నాకు ఎంతో ఇచ్చారు. మళ్ళీ ఏడు తప్పకుండా వస్తాను" అనేవారు. ఎన్నిసార్లు తర్జుమా చేశానో, వాళ్ళు మొదలెట్టకుండానే నేను ముగించెయ్యగలను. మళ్ళీ ఏడు ఎవరూ రాలేదు. కొన్నాళ్ళు ఫొటోలు వచ్చేవి, తర్వాత పండగ శుభాకాంక్షలు, తర్వాత అవీ లేవు. ఒకసారి నాకు కోపమొచ్చి, "అబద్ధాలకోర్లు మామ్మా వీళ్ళంతా" అన్నాను. ఆవిడ నన్నే కసిరింది. "అబద్దం ఎందుకవుద్ది? ఆ నిమిషంలో ఆళ్ళు నిజంగానే అనుకున్నారు. నేను చూశాను కదా మొకాలు."

చూశానందే గాని, అవి ముందురోజు మొహాలు. ప్రయాణమయ్యే రోజున మామ్మ ఎవరికీ కనపడేది కాదు. ఊరెళ్ళేవాళ్ళ ముందు కన్నీళ్ళు పెట్టుకోకూడదు, పెట్టుకుంటే దారి మంచిది కాదు. తనకేమో ఆగవు. అందుకని తెల్లారగానే చేపలు ఎండబెట్టే మెరకకి వెళ్ళిపోయి, రోడ్డుకి వీపు పెట్టి, చేపలు తిరగేస్తూ కూచునేది. ఎండిపోయి గలగలలాడే చేపల్ని కూడా మళ్ళీ మళ్ళీ తిరగేసేది. కారు వెళ్ళిన చప్పుడు అయ్యాక గానీ లేచేది కాదు.

కానీ వాళ్ళ ప్రయాణం బాధ్యతంతా ఆవిడదే. ఎవరొచ్చినా మొదటి ప్రశ్న, "వీళ్ళ దేశం ఏ దిక్కు?" అని. పడమర అని చెప్పేదాన్ని. టిక్కెట్లేమో ఎప్పుడు చూసినా ఆదివారమో శుక్రవారమో పడేవి. శుక్ర ఆదివారాలు పడమరకి శూల, ఆ దిక్కు వెళ్ళకూడదు. విమానంవాడికి చెబితే వింటాడా? దానికి మన పెద్దవాళ్ళు ముందే కనిపెట్టిన ఉపాయం పరస్థానం. మంచిరోజు చూసి, వెళ్ళేవాళ్ళ సంచి ఒకటి పట్టుకెళ్ళి వేరే ఇంట్లో పెట్టేస్తే ప్రయాణం ఆరోజే మొదలైపోయినట్టు. ఆ తర్వాత ఎప్పుడు వెళ్ళినా పర్వాలేదు, దారిలో ఆ సంచి తీసుకుని సాగిపోవడమే. కాకపోతే సంచి వెనక్కి ఇంటికి తేకూడదు, వదిలేసీ పోకూడదు.

ఆ వేరే ఇల్లు మాది. రాజమండ్రి దారిలో ఉంది కదా అని మామ్మే ఖాయం చేసేసింది. నన్ను మాటవరసకైనా అడగలేదు. ముందు గదిలో కిటికీ పక్క బల్ల మీద సంచి పెట్టి, దాని మూల పసుపుబియ్యం ముడేసి, "కదపకే. కింద పెట్టకే. దాని మీదేం పెట్టకే" అని నాకు మూడు జాగ్రత్తలు చెప్పి పోయేది. మా ఆయన, "ఇది ఇల్లా, బస్టాండులో సామాన్ల గదా?" అనేవారు. ఆవిడ ఎదురుగా మాత్రం, "ఆయ్, అలాగే మామ్మా, నేను చూసుకుంటాగా" అనేవారు. మగాళ్ళ ధైర్యం అంతే.

పొడుగమ్మాయి అలా వచ్చినవాళ్ళలో ఆఖరిది. వచ్చినరోజే గుమ్మానికి తల ఠంగుమని కొట్టుకుంది. మామ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, చంటిపిల్లకి తగిలితే చేసినట్టు, గుమ్మాన్ని అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి తిట్టింది. ముప్పై దాటిన మనిషి, నుదురు పట్టుకుని నిలబడి, గుమ్మం దెబ్బలు తినడం చూసి పకపకా నవ్వేసింది. సాయంత్రానికి మామ్మ పాతవల ముక్క చుట్టలా చుట్టి గుమ్మం పైకమ్మికి కట్టేసింది, మళ్ళీ తగిలినా మెత్తగా ఉంటుందని.

ఆ అమ్మాయి పని కసరత్తులు చేయించడం. గంప మోసి మోసి అరిగిపోయిన మామ్మ మెడని కూడా వదల్లేదు. పొద్దున్నే ఎదురుగా కూచోబెట్టి అటు తిప్పించి, ఇటు తిప్పించి చంపేది. "నా మెడేవన్నా ఫ్యానా, అటూ ఇటూ తిరగడానికి!" అని మామ్మ విసుక్కునేది. విసుక్కుంటూనే తిప్పేది.

సాయంత్రమయ్యేసరికి వంతు మారేది. మామ్మ కొబ్బరినూనె సీసా పట్టుకొచ్చి ఆ అమ్మాయి కాళ్ళ దగ్గర కూచునేది. మడమలకి నూనె పట్టించి బొటనవేలితో రుద్దేది. ఇంకెవరికీ అలా చెయ్యడం నేను చూడలేదు. పెద్దావిడ కాళ్ళు పట్టడమేంటని ఆ అమ్మాయి ఇబ్బంది పడిపోయి, ఎందుకో అడగమంది.

"మడమలు పగలకుండా" అంది మామ్మ.

అంతవరకే చెప్పి ఊరుకోవచ్చు. కానీ నేను మడమల లెక్కంతా చెప్పాను, పగిలితే వెళ్ళిపోతారని ఈవిడ నమ్మకం అని. చెబితే నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. మామ్మ వంక కాసేపు చూసి, రెండో కాలు కూడా చాపింది.

అలా ఏడాది దాటింది. ఆ వేసవిలో సంస్థవాళ్ళు ఇంక నడపలేమన్నారు. ఎందుకని అడిగితే "పైనుంచి" అన్నారు. ఆ పైన ఎవరుంటారో నాకీరోజుకీ తెలీదు. ఆ అమ్మాయి ఉండిపోతానంది, నలుగుర్నీ బతిమాలింది, వీసా ఒప్పుకోలేదు. టిక్కెట్టు ఆదివారానికే పడింది.

వెళ్తున్నానని చెప్పిన రోజునుంచీ మామ్మ ఆ అమ్మాయితో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది, నీళ్ళు తోడేది. మాట లేదు. మెడ తిప్పడం లేదు. నూనె సీసా గూట్లోంచి కదల్లేదు. ఆ పిల్ల నా దగ్గరికొచ్చి, "నేనేం తప్పు చేశాను?" అని అడిగేది. ఏ తప్పూ చెయ్యలేదంటే, "మరెందుకు మాట్లాడదు?" అనేది. వెళ్ళి మామ్మ దగ్గర కూచున్నాను.

"ఆ పిల్ల బెంగపెట్టుకుంది మామ్మా. ఒక్క మాట మాట్లాడితే నీ సొమ్మేం పోతుంది?"

"ఏం మాట్టాడమంటావు? ఎల్లొద్దంటే ఆగుద్దా?"

"ఆగదు."

"ఎల్లమని నా నోటితో నేననలేను. ఇంకేం మాట మిగిలింది? నువ్వే చెప్పు."

నేను తిరిగొచ్చి ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. చెబుతుంటేనే నాకు తెలుస్తోంది, ఆ మాటలో ఉన్న తడంతా ఆరిపోయి ఏదో నిష్ఠూరంలా వినపడుతోందని. మళ్ళీ ఇంకోలా చెప్పాను. ఇంకా పాడైంది. ఆ అమ్మాయి తల ఊపి, "అర్థమైంది, కోపంగా ఉంది" అంది. కాదమ్మా, కోపం కాదు అంటే, నన్ను ఓదార్చడానికి అన్నట్టు నా భుజం తట్టింది. నా చేతకానితనానికి నాకే ఏడుపొచ్చింది.

అలిగిందే గానీ పరస్థానం మానలేదు. గురువారం పొద్దున్నే చేపల గంపలో ఆ అమ్మాయి నీలంసంచి పెట్టుకుని ఆటో దిగింది. బల్ల మీద పెట్టి, మూల ముడేసి, నాకు ఆ మూడు జాగ్రత్తలూ చెప్పింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి వెనక్కి చూసింది. నా వంక కాదు, సంచి వంక.

ఆదివారం షెల్టరు మేడ మీద శాలువా, దండ, మైకు అన్నీ అయ్యాయి. పాలెం పెద్దాయన మాట్లాడిందానికి నేను ఒక్క ముక్కలో తర్జుమా చేసేశాను, ఆయనకి కోపమొచ్చింది. పొడుగమ్మాయి లేచింది. నేను మామూలు వాక్యాలు సిద్ధం చేసుకున్నాను. తీరా ఆ పిల్ల, "మళ్ళీ వస్తానని చెప్పలేను. రావాలని ఉంది. రాగలిగితే వస్తాను" అని కూచుంది. నేను తెలుగులో చెప్పగానే జనం మొహాలు చిన్నబోయాయి. వెనకెవరో, "పోనీ మాటకైనా అనొచ్చు కదా" అన్నారు.

కారెక్కే ముందు ఆ అమ్మాయి చేపల మెరక వైపు నడిచింది. నేనూ వెనకాలే వెళ్ళాను. మామ్మ వీపు పెట్టి కూచుని ఉంది. ఈ పిల్ల వెనక నిలబడి, "మామ్మా" అంది. తిరగలేదు. మళ్ళీ అంది. చేపలు తిరగేస్తున్న చేతులు మాత్రం జోరందుకున్నాయి. ఇంక ఆ పిల్ల ఆపుకోలేక వెక్కి వెక్కి ఏడ్చేసింది. ఆ ఏడుపు చెవిన పడగానే మామ్మకి భయం పట్టుకుంది. అటు తిరిగే గట్టిగా అరిచింది.

"ఏడవకే! ఏడవకూడదు! ఎల్లు, ఎల్లు ఇక్కణ్ణుంచి!"

'ఎల్లు' అంటే ఆ అమ్మాయికి తెలుసు. నా తర్జుమా అక్కర్లేకపోయింది. దారి చెడుతుందని భయమమ్మా, ప్రేమతోనే అరిచింది, ఇది మా ఆచారం అని నేను పక్కనే పరిగెడుతూ చెప్పుకుంటూ పోయాను. ఆ పిల్ల వినిపించుకోలేదు. కారెక్కి కిటికీ వైపు తిరిగిపోయింది. నేను పక్కన కూచున్నాను. వెనక్కి చూస్తే మెరక మీద మామ్మ వీపే కనపడింది.

అసలు ముప్పు తర్వాత వచ్చింది. లాకుల దగ్గర కొబ్బరికాయల లారీ రోడ్డుకి అడ్డంగా దిగబడిపోయింది. మా ఊరికి దారి అదే. డ్రైవరు దిగి చూసొచ్చి, "ఇది ఇప్పట్లో కదిలే బాపతు కాదండి. వెనక్కి తిప్పి పైరోడ్డు మీంచి రావులపాలెం కొట్టేస్తానండి" అన్నాడు.

"మా ఇంటికెళ్ళి సంచి తీసుకోవాలయ్యా. తప్పదు."

"సంచి కోసం ఎల్తే విమానం పోద్దండి. మనిషి ఇక్కడే ఉండిపోతారండి."

అది ఆ అమ్మాయికి చెబితే, ఏడుపులోంచే, "నాకు పర్వాలేదు" అంది. డ్రైవరు బండి తిప్పేశాడు. రావులపాలెంలో అరటిగెలల లారీల మధ్య ఇరుక్కుని, ఎలాగో బయటపడి, రాజమండ్రి ఎయిర్‌పోర్టుకి ఆఖరి నిమిషంలో చేరాం. ఆ అమ్మాయి నన్ను గట్టిగా కావలించుకుని, "ఇది నీకు కాదు, ఆవిడకిచ్చెయ్" అంది. ఎలా ఇవ్వను? మామ్మని కావలించుకునే అలవాటు మా ఎవరికీ లేదు. మర్నాడు వెళ్ళి ఆవిడ పక్కన ఊరికే కూచుని, చెయ్యి పట్టుకున్నాను. "ఏమందంట మైకులో?" అని అడిగింది. చెప్పాను. "అదొక్కత్తే ఆచి తూచి మాట్టాడింది" అంది.

అప్పుడు సంచి సంగతి చెప్పాను. ఆవిడ మొహంలో నెత్తురుచుక్క లేదు. "వదిలేసి ఎల్లిందా? శూలకి ఎదురెల్లిందా?" అని గోడకి జారబడిపోయింది. ఆ అమ్మాయి క్షేమంగా చేరానని ఫోటో పెట్టేదాకా పచ్చిమంచినీళ్ళు ముట్టలేదు. ఫోటో చూపించాను. స్వెట్టరు వేసుకుని వాళ్ళింటి ముందు నిలబడి ఉంది. మామ్మ చాలాసేపు చూసి, నెమ్మదిగా ఇలా అంది. "సంచి మీ ఇంట్లో ఉందన్నావు కదా?"

"ఉంది."

"పరస్తానం సంచి తీసుకోకుండా ప్రయాణం అవదు కదా?"

"అవదని నువ్వే చెప్పావు కదా."

"మరింకేం. అయితే పిల్ల ఎల్లలేదు."

ఆవిడ లేచి, మొహం కడుక్కుని, అన్నం పెట్టుకుంది.

అది మొదలు, చేపలకి మా ఊరొచ్చిన ప్రతిసారీ ఆఖరి మజిలీ మా ఇల్లే. గంప అరుగు మీద దింపి, గుమ్మంలోంచే మెడ చాపి అడిగేది.

"ఉందా?"

"ఉంది మామ్మా, ఎక్కడికి పోతుంది?"

"అయితే ఎల్లలేదన్నమాట."

"ఎల్లలేదు."

అంతే. మజ్జిగ తాగి పోయేది. చెప్పొద్దూ, మొదట్లో నాకు చిరాకేసింది. బల్ల తుడవాలంటే సంచి చుట్టూ తుడవాలి. కొరియర్లో పంపేస్తానన్నాను ఒకసారి. నా మీద ఇంతెత్తున లేచింది. "పంపేస్తే నిజంగా ఎల్లిపోద్ది!" అంది. ఫోను కలిపిస్తాను, ఎదురుగా కనపడుతుంది, మాట్లాడమంటే అదీ వద్దంది. "ఫోన్లో మాట్టాడేది దూరాన ఉన్నోళ్ళతో. మాట్టాడితే దూరం ఎల్లినట్టే కదా." ఈవిడతో వాదించి నెగ్గినవాళ్ళు పాలెంలోనే లేరు, నేనెంత.

ఈ గొడవంతా ఫోన్లో పొడుగమ్మాయికి చెప్పాను. నవ్విందో ఏడ్చిందో, రెండూనో. "అయితే నామీద కోపం లేదా?" అంది. అప్పటికి నమ్మింది. నేను పక్కన పరిగెడుతూ చెప్పినదాన్ని నమ్మని పిల్ల ఈ పిచ్చి లెక్కని నమ్మింది. సంచి తియ్యొద్దని నాకు గట్టిగా చెప్పింది. అప్పట్నుంచి ఎప్పుడు ఫోను చేసినా ముందు వచ్చీ రాని తెలుగులో, "సంచి ఉందా?" అనేది. నేను ఫోను తిప్పి చూపించేదాన్ని. "అయితే ఎల్లలేదు" అనేది, అచ్చం మామ్మ యాసలో. అటు ఈవిడా, ఇటు ఆ పిల్లా. నాకేమో ఇద్దరికీ సంచి ఉందని చెప్పడమే ఉద్యోగమైపోయింది.

వానలు వెనకబట్టాక ఆ అమ్మాయి టిక్కెట్టు తీసుకుంది. వచ్చినవాళ్ళలో నిజంగా తిరిగి వస్తున్నది ఈ పిల్లే. పరిగెత్తుకెళ్ళి చెప్పాను. మామ్మ గెంతులేస్తుందనుకున్నాను. "ఎల్లందే రావడమేంటే?" అంది. అంటూనే లేచి, గుమ్మానికి కట్టిన పాతవల ఊడిపోతోందేమోనని చెయ్యి ఎత్తి బిగించింది. చెయ్యి కిందికి దించాక ఆయాసపడింది. అప్పటికే ఆయాసం మొదలైంది. నేను గమనించాను, గంప దింపాక మాట రావడానికి కాసేపు పడుతోందని. అమలాపురంలో చూపిస్తే గుండె అన్నారు. కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్ళమన్నారు, మంగళవారం రమ్మన్నారు.

మంగళవారం ఉత్తరానికి శూల. కాకినాడ అటే. ఆదివారం పొద్దున్న మామ్మ ఆటో దిగింది, ఈసారి గంప లేకుండా. చేతిలో బియ్యంగోతాంతో కుట్టిన సంచి. అందులో ఒక చీరా, తువ్వాలూ, పైన కొబ్బరినూనె సీసా మూత కనపడుతోంది. "ఆసుపత్రికి నూనెందుకు మామ్మా?" అంటే, "ఆ పిల్ల వచ్చేసరికి నేను ఆసుపత్రిలోనే ఉంటే? దాని మడమలెలా ఉన్నాయో ఏంటో" అంది. నీలంసంచిని కదపకుండా, దాని పక్కనే తన సంచి పెట్టింది. మూల ముడేసింది. "కదపకే. మంగళారం పొద్దున్న ఆటోలో వచ్చి తీసుకుంటాను" అంది.

సోమవారం సాయంత్రం ఊపిరి ఆడక పడిపోయింది. అంబులెన్సు వచ్చింది. నాకు కబురు తెలిసి రోడ్డు మీదకి పరిగెత్తేసరికి, సైరను మోగించుకుంటూ మా వీధి చివర్నుంచే వెళ్ళిపోయింది. సంచి పట్టుకుని నిలబడాలన్న బుద్ధి కూడా నాకు పుట్టలేదు. పుట్టినా ఆగుతుందా అది? కాకినాడలో మర్నాడు పోయింది. పాలేనికి తెచ్చారు. ఆడవాళ్ళు కాళ్ళకి పసుపు రాస్తుంటే చూశాను. ఆవిడ మడమలు ఎంత లోతుగా పగిలి ఉన్నాయో నేనెప్పుడూ చూడనేలేదు. ఎవరి కాళ్ళనో చూసుకుంటూ బతికింది, ఆవిడ కాళ్ళు ఎవరు చూశారు?

ఇవాళ పొద్దున్న ప్రైవేటు పిల్లలు వెళ్ళాక ఫోను దానంతటదే మోగింది. ఆ అమ్మాయే. ఎత్తకుండా ఉంటే బాగుండును, ఎత్తాను. చెప్పెయ్యాలి, ముందే చెప్పెయ్యాలి అని గట్టిగా అనుకున్నాను. తెర మీద ఆ మొహం వెలిగిపోతోంది. వెనక మంచం మీద సర్దుతున్న పెట్టె కనపడుతోంది. కసరత్తుల కోసం మామ్మకి మెత్తటి మెడపట్టీ ఏదో కొన్నానని ఎత్తి చూపించింది. నేను గొంతు సవరించుకున్నాను.

"సంచి ఉందా?" అంది.

అలవాటుగా ఫోను బల్ల వైపు తిప్పాను. తిప్పాక గుర్తొచ్చింది, అక్కడున్నవి ఇప్పుడు రెండని.

"రెండోది ఎవరిది?"

"మామ్మది" అన్నాను.

"మామ్మ ఏదైనా ఊరెళ్తోందా?"

నేను ఫోను నా వైపు తిప్పుకోలేదు. నా మొహం ఆ పిల్ల చూడకూడదు. ఇంగ్లీషులో ఆ మాట చెప్పడం ఎంత తేలికో నాకు తెలుసు, పిల్లలకి రోజూ నేర్పే చిన్న మాటే. రాలేదు. తెలుగులోనూ రాలేదు. నేను మాట్లాడకపోయేసరికి ఆ అమ్మాయే అటునుంచి నవ్వింది.

"సంచి ఇక్కడే ఉంది కదా. అయితే మామ్మ కూడా ఎల్లలేదు" అంది, ముద్దుగా, ఆవిడ యాసలోనే. "నేను వచ్చేదాకా ఆ సంచి తియ్యొద్దని చెప్పు ఆవిడతో. మరిచిపోకుండా చెప్పు."

చెప్తానన్నాను.